పట్టుపురుగు జ్వరము – కంప్యూటరు వైద్యము

శిడ్లఘట్ట తాలూకా దిబ్బూరహళ్ళి చుట్టుపట్ల పట్టుపురుగులు పెంచే ఇండ్లలో 'జ్వరము' అన్న మాట విని ఎవరును కంగారుపడరు. పురుగు గూడు కట్టేలోగా నాలుగు సార్లు కుబుసము విడుస్తుంది. విడిచే ముందు దాదాపు ఒక దినము మేత ముట్టదు. తల ఎత్తి కదలకుండా ఉండిపోతుంది. దానినే మనవారు జ్వరమన్నారు. అది రోగము కాదు, ఎదుగుదల.

బెంగుళూరులో కంప్యూటరు ఉద్యోగము చేసే మా వాడొకడు సెలవులకు వచ్చి, "పురుగులు ఎట్లుండాయి అత్తా?" అని అడిగినాడు.

"నాలుగో జొరంలో ఉండాయి నాయనా."

"అయ్యో! మందేమన్నా వేసినారా?"

ఇల్లంతా నవ్వింది. వాడును నవ్వి, తరువాత కొంచెము ఆలోచనలో పడి, "నేనన్నా అడిగి తెలుసుకుంటిని. మా యంత్రానికి ఈ సంగతి ఎవరు చెప్తారు?" అన్నాడు. ఆ ప్రశ్న మమ్ములను వదలలేదు. అందుకే ఈ వ్యాసము.

ఈనాడు చేతిలోని ఫోనులో తెలుగున అడిగితే తెలుగున బదులు చెప్పే యంత్రములు వచ్చినవి. మంచిదే. కాని 'మూడవ జ్వరములో ఉన్న పురుగులకు ఏమి చేయవలెను?' అని అడిగినప్పుడు, యంత్రము జ్వరమును వ్యాధి అనుకొని మందు చెప్పినచో ఏమగును? ఆ దినమున చేయవలసినది ఆకు వేయడము మాని, తట్టలో తేమ లేకుండా సున్నపు పొడి చల్లి, పురుగులను కదపక ఉంచడము. ఈ దశలో చేసిన పొరపాటు పంట మీదికి వస్తుంది. అప్పు తెచ్చి పురుగు మేపిన ఇంటికి అది నవ్వులాట కాదు.

ఇట్టి చిక్కును తీర్చుటకు పండితులు ఒక ఉపాయము పన్నినారు. దానిని 'ఆంటాలజీ' అంటారు. మనము మాటల వంశవృక్షమనుకొందము. అమరసింహుడు మాటలను అక్షరక్రమమున పేర్చలేదు. స్వర్గవర్గము, భూమివర్గము, వనౌషధివర్గము అని వస్తువుల పొందికను బట్టి పేర్చినాడు. ఆంటాలజీ ఇంకొక అడుగు ముందుకు వేసి, ఒక్కొక్క మాటకు మిగిలిన మాటలతో గల చుట్టరికమును కూడ వ్రాస్తుంది: ఏది దేనిలో ఒక రకము, ఏది దేనిలో భాగము, ఏది దేనిని తింటుంది, ఏ రెండు ఒకటి కానేరవు.

ఇట్లు వ్రాయుటకు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయము వారు తయారుచేసిన 'ప్రొటెజే' అనే పనిముట్టు ఉన్నది. ఎవరైనను ఉచితముగా తెచ్చుకొనవచ్చును. వ్రాతకు వాడే భాష పేరు 'ఔల్'. 2004లో ప్రపంచ వెబ్ సంఘము దానిని ప్రమాణముగా ప్రకటించినది. మన ఉదాహరణనే తీసికొందము. 'వ్యాధి' ఒక వర్గము, 'కుబుసము విడిచే దశ' ఇంకొక వర్గము, రెండింటికిని పొత్తు లేదు అని ముందే వ్రాసి, పురుగు జ్వరమును రెండవదానిలో చేర్చుతాము. ఎవరైనా పొరపాటున దానిని వ్యాధులలో కూడ చేర్చినచో, పనిముట్టులోని తర్కభాగము పరీక్షించి, ఆ పేరును ఎర్ర అక్షరములలో చూపుతుంది.

ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ 1980ల నుండి 'ఆగ్రోవాక్' అను పేర వ్యవసాయపదములను ఈ విధముగానే కూర్చుతూ వచ్చినది. అందులో చేరిన భాషలలో తెలుగు ఒకటి. మనకు దగ్గరలోనే, కుప్పములోని ద్రావిడ విశ్వవిద్యాలయమున తెలుగు మాటల అర్థసంబంధములను కూర్చే 'వర్డ్‌నెట్' పని జరిగినది. కనుక ఇది మనకు అందరాని వ్యవహారము కాదు.

ఇక రెండవ సంగతి కాపుదల. ఇంటి లెక్కలు కంప్యూటరెక్కిన తరువాత ఎవరు ఏమి చూడవచ్చునో యంత్రమునకు కట్టడి వ్రాసిపెట్టవలెను. కర్ణాటకలో 2000 ప్రాంతమున 'భూమి' పథకము క్రింద పహణీలు కంప్యూటరెక్కినప్పుడు, వ్రాతను మార్చే ఉద్యోగి తన వేలిముద్ర వేసిన గాని యంత్రము తెరచుకోకుండ ఏర్పాటు చేసినారు. అదియు ఇట్టి కట్టడే. ఇట్టి కట్టడులను వ్రాయుటకు 2003లో 'ఎక్సాక్‌మల్' అనే ప్రమాణభాష వెలువడినది. ఎవరు, దేనిని, ఏమి చేయబోతున్నారు, ఏ షరతు మీద అన్నవి అందులో వ్రాస్తారు. ఒక కట్టడి సరే అని, ఇంకొకటి వద్దు అన్నప్పుడు, వద్దన్నదే నెగ్గునట్లు ఏర్పరచుకోవచ్చును.

ఈ రెండు సంగతులకును ముడి ఎక్కడ ఉన్నదో చూడండి. గూళ్ళు కొనే రీలరు మన తూకము, రకము చూడవచ్చును గాని అప్పుల లెక్క చూడరాదు అని కట్టడి చేసినామనుకొందము. మన పెద్దవారు పుస్తకములో 'అప్పు' అని వ్రాయరు. ఒకచోట 'చేబదులు' అంటారు, ఇంకొకచోట కన్నడపు మాట కలిపి 'కైసాల' అంటారు. ఈ మాటలు కూడ అప్పులో రకములేనని యంత్రమునకు ఎవరును చెప్పనిచో, తలుపునకు తాళము వేసి కిటికీ తెరచి ఉంచినట్లే. మన అవసరము ఎంతటిదో చూసి ధర తగ్గించువారికి ఆ కిటికీ చాలును. వంశవృక్షములో వాటిని అప్పు క్రింద చేర్చినామా, ఒక్క కట్టడియే అన్నిటిని కాపాడుతుంది. 'కేయాస్', 'రే' అను పేర్లతో అమెరికాలో పరిశోధకులు చేసిన ప్రయత్నములు ఈ దారిలోనివే: అవి కట్టడులను ఆంటాలజీ మాటలతోనే వ్రాయించినవి.

అయితే ఒక హెచ్చరిక. మనము వ్రాసినదానిలో పొసగని మాట ఉంటే యంత్రము పట్టుకొంటుంది. మనము వ్రాయ మరచినదానిని మాత్రము పట్టుకోలేదు. 'చంద్రిక' అంటే వెన్నెల అనో ఆడపిల్ల పేరనో నిఘంటువు చూసి చెప్పవచ్చును. పురుగులు గూడు కట్టుటకు విడిచే వెదురు తడిక అని చెప్పవలసినది మన ఇంటి ఆడవారే. పలుకుబడిలో తెలుగు, బడిలోను కచేరీలోను కన్నడము గల మన కుటుంబముల మాటలు ఆ రెండు భాషల నిఘంటువుల నడుమ జారిపోయే ప్రమాదమున్నది.

ప్రొటెజే నేర్చినవారు మన పిల్లలలో ఉన్నారు, నేర్వగలవారు ఇంకను ఉన్నారు. వారికి కావలసిన సరకు పెద్దల నోట ఉన్నది. కనుక ఈ పండుగ సెలవులలో ప్రతి ఇంటను ఒక నోటుపుస్తకము తెరచి, పట్టు, పొలము, పద్దు – ఈ మూడింటి మాటలు, ఒక్కొక్కదానికి ఇంటిలో చెప్పుకొనే అర్థముతో వ్రాసిపెట్టవలెనని మా మనవి. అత్త చెప్పగా అల్లుడు వ్రాయవచ్చును. ఆ పని జరిగిన ఇంట యంత్రమును చూసి నవ్వవలసిన అవసరము గాని, దానిని నమ్మి నష్టపోవలసిన అవసరము గాని ఉండదు.