గులిమి

గులిమి లేదా గుబిలి అనగా మానవులలోను, ఇతర క్షీరదాలలోను చెవి నాళంలో తయారయ్యే మైనం వంటి పదార్థం. ఇది సాధారణంగా పసుపు లేక గోధుమ రంగులో ఉంటుంది. చాలామంది దీనిని మురికిగా భావించి తీసివేయుటకు ప్రయత్నిస్తారు. నిజానికి ఇది చెవిని కాపాడే సహజమైన స్రావం.

తయారయ్యే విధానం

పెద్దవారిలో చెవి రంధ్రం నుండి కర్ణభేరి వరకు గల నాళం పొడవు సుమారు 2.5 సెంటీమీటర్లు. దీనిలో బయటివైపు మూడవ వంతు భాగంలో మాత్రమే గులిమి గ్రంథులు, తైల గ్రంథులు, వెంట్రుకలు ఉంటాయి. ఈ గ్రంథుల స్రావాలు, రాలిన చర్మకణాలు కలిసి గులిమిగా మారతాయి. లోపలి ఎముక భాగంలో గులిమి తయారు కాదు. కాబట్టి కర్ణభేరికి ఆనుకొని గులిమి గట్టిపడి ఉన్నదంటే, చాలావరకు అది పుల్లతోనో పిన్నీసుతోనో లోనికి నెట్టబడినదే.

చెవి నాళపు చర్మానికి ఒక విశేషం ఉన్నది. ఇతర చోట్ల చర్మకణాలు ఉన్నచోటనే రాలిపోతాయి. ఇక్కడ మాత్రం అవి కర్ణభేరి నుండి బయటివైపునకు, ఇంచుమించు గోరు పెరిగే వేగంతో జరుగుతూ గులిమిని వెంట తీసుకొనివస్తాయి. నమలునప్పుడు దవడ కదలిక కూడా ఇందుకు తోడ్పడుతుంది.

గులిమి తడి, పొడి అని రెండు రకాలు. ఈ తేడాకు ఏబీసీసీ11 అనే ఒకే జన్యువు కారణమని 2006లో జపాన్ శాస్త్రవేత్తలు కనుగొన్నారు. తూర్పు ఆసియా ప్రజలలో పొడి రకం, ఆఫ్రికా, ఐరోపా ప్రజలలో తడి రకం ఎక్కువ.

ఉపయోగాలు

గులిమి దుమ్మును పట్టి ఉంచుతుంది, చర్మాన్ని నీటికి నానకుండా కాపాడుతుంది. దీని ఆమ్ల స్వభావం వలన బాక్టీరియా, బూజు సులభంగా పెరగవు. చెవులను అతిగా శుభ్రం చేసుకొనేవారికే దురద ఎక్కువగా ఉండటానికి ఇది ఒక కారణం. దురద వలన మళ్ళీ పుల్ల పెడతారు, దానితో దురద మరింత పెరుగుతుంది.

తొలగించడం

వినికిడి తగ్గడం, చెవి దిబ్బడ, హోరు, కొందరిలో పొడిదగ్గు ఉంటే తప్ప గులిమిని తీయవలసిన పనిలేదు. వృద్ధులలోను, వినికిడి యంత్రం వాడేవారిలోను ఇది ఎక్కువగా గట్టిపడుతుంది. వైద్యులు చుక్కల మందుతో మెత్తబరచి, నీటిని చిమ్మి గాని, పరికరంతో పీల్చి గాని తీస్తారు. నీరు శరీర ఉష్ణోగ్రత వద్ద ఉండాలి. చల్లని లేదా వేడి నీటివలన కళ్ళు తిరుగుతాయి. కర్ణభేరికి రంధ్రం ఉన్నవారికి నీటిని చిమ్మరాదు. మధుమేహం ఉన్నవారిలో నాళానికి చిన్న గాయమైనా తీవ్రమైన ఇన్ఫెక్షనుకు దారితీయవచ్చు.

అగ్గిపుల్ల, పిన్నీసు, కోడి ఈక, తాళంచెవి వంటివి చెవిలో పెట్టరాదు. దూదిపుల్లలు కూడా ఇందుకు మినహాయింపు కాదు. పుల్ల పెట్టి ఉండగా చేతికి దెబ్బ తగిలి కర్ణభేరి చిరగడం అరుదైన విషయమేమీ కాదు.

పొరపాటు పడే సందర్భాలు

చెవినుండి చీము కారుతుంటే గులిమి కరిగి వస్తున్నదని కొందరు అనుకొని, కాచిన నూనె పోస్తారు. ఇది ప్రమాదకరం. దుర్వాసనతో కూడిన చీము కొన్నిసార్లు ఎముకను తినివేసే జబ్బుకు గుర్తు. నిర్లక్ష్యం చేస్తే శాశ్వతంగా వినికిడి పోవచ్చు, మెదడుకు కూడా చీము పాకవచ్చు. ఇటువంటివారు వెంటనే చెవి, ముక్కు, గొంతు వైద్యుని వద్దకు వెళ్ళాలి.

చెవిలో బ్రతికి ఉన్న పురుగు దూరినప్పుడు మాత్రం, కర్ణభేరికి రంధ్రం లేనివారికి, కొద్దిగా కొబ్బరినూనె వేయవచ్చు. పురుగు కదలక చస్తుంది, తరువాత వైద్యుడు దానిని తీస్తాడు. పిల్లలు శనగగింజ వంటివి పెట్టుకొన్నప్పుడు నీరు పోయకూడదు. గింజ నాని ఉబ్బి మరింత బిగుసుకుంటుంది.