చెవిలో చేరు నీరు: ఇంటి చికిత్సకు గల హద్దులు

వానలు కురిసి, చెరువులు నిండి, జలుబులు ఇంటింటను వ్యాపించు దినములలో పిల్లలకు చెవిపోటు, చెవి కారుట తరచుగ కనిపించును. “పెద్దయిన కొలది అదియే పోవునులే” యని కొందరు తల్లిదండ్రులు ఊరకుందురు. మరికొందరు ఇంటనున్న నూనెనో, ఆకుపసరునో చెవిలో పిండుదురు. ఈ రెండును హానికరములే. చెవి వ్యాధి వలన ప్రాణాపాయము అరుదు. కాని వినికిడి తగ్గుట అరుదు కాదు. వినికిడి తగ్గిన పిల్లవాడు పాఠమును అందుకొనలేక బడిలో మొద్దు అనిపించుకొనును. ప్రపంచములో పిల్లలకు కలుగు వినికిడి లోపములలో సుమారు 60 శాతము నివారింపదగిన కారణముల వలననే కలుగుచున్నవని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలిపియున్నది. కనుక ఇంటిలో ఏమి చేయవచ్చునో, ఏమి చేయరాదో, వైద్యుని ఎప్పుడు చేరవలెనో పంచాయతీ సభ్యులు తెలిసికొని పదిమందికి తెలుపుట మేలని తలచి, ఈ విషయమును ఇచట వివరించుచున్నాము.

చెవి నిర్మాణము

చెవి రంధ్రము చివర కర్ణభేరి యను పలుచని పొర కలదు. దాని వెనుక గాలితో నిండిన చిన్న గది యున్నది. అదియే మధ్యచెవి. ఇందు మూడు చిన్న ఎముకలు గొలుసువలె కూడి శబ్దమును లోపలి చెవికి అందించును. ఈ గదినుండి ముక్కు వెనుక భాగమునకు యూస్టేషియన్ నాళమను సన్నని గొట్టము పోవును. మనము గుటక వేసినపుడును, ఆవులించినపుడును ఇది తెరచుకొని గదిలోనికి గాలిని పంపును. పెద్దలకంటె పిల్లలలో ఈ గొట్టము పొట్టిగను, ఇంచుమించు అడ్డముగను ఉండును. జలుబు చేసినపుడు వాపు వలన ఇది మూసుకొనును. ముక్కులోని సూక్ష్మజీవులు దీని గుండ చెవిలోనికి ప్రాకును. పిల్లలకు చెవి బాధలు ఎక్కువగ కలుగుటకు కారణమిదియే.

నీరు మూడు విధములు

చెవిలో నీరు అని మన ఇండ్లలో చెప్పు బాధలు నిజమునకు మూడు వేరు వేరు విషయములు. మూడింటికిని చికిత్స ఒకటి కాదు.

మొదటిది, స్నానమున గాని, ఈతలో గాని వెలుపలినుండి చేరిన నీరు. దీనికి ఇంటి ఉపాయము చాలును. ఆ చెవి క్రిందికి వచ్చునట్లు తలను వంచి, చెవి తమ్మెను మెల్లగ అటునిటు లాగవలెను. లేదా పొడి తువాలుపై ఆ ప్రక్కకు కొంతసేపు పండుకొనవలెను. నీరు తనంత తానే జారిపోవును. చెవి దురద, తాకినంతనే నొప్పి కలిగినచో బయటి రంధ్రము చెడినదని గ్రహించి వైద్యునికి చూపవలెను.

రెండవది, కర్ణభేరి వెనుక నిలిచిన నీరు. ఇది జలుబు తరువాత వచ్చును. నొప్పి యుండదు, జ్వరముండదు, చెవి కారదు. వినికిడి మాత్రము మందగించును. ఇట్టి నీరు చాలమంది పిల్లలలో 3 నెలలలోపల తానే ఇంకిపోవును. చెవిలో పోయు ఏ చుక్కయు దీనిని చేరజాలదు. నడుమ కర్ణభేరి గోడవలె నిలిచియున్నది గదా! 3 నెలలు గడచినను వినికిడి బాగుపడనిచో చెవి వైద్యుడు పరీక్షింపవలెను. అవసరమైనచో చిన్న శస్త్రచికిత్సతో ఆ నీటిని తీయుదురు.

మూడవది, చీము. మధ్యచెవిలో చీము పట్టినపుడు పోటు, జ్వరము కలిగి, కొన్నిమార్లు కర్ణభేరి చిల్లిపడి చీము వెలికి కారును. చీము కారగానే నొప్పి తగ్గును గనుక వ్యాధియు తగ్గినదని పలువురు భ్రమపడుదురు. ఇచటనే పొరపాటు జరుగుచున్నది. ఈ దశలో మందు వాడనిచో చిల్లి పూడక, చెవి ఏండ్ల తరబడి కారుచుండును.

ఇంటిలో చేయదగినవి

చెవి కారునపుడు దానిని పొడిగ నుంచుట యన్నింటికంటె ముఖ్యము. చేతులు సబ్బుతో కడిగికొని, శుభ్రమైన మెత్తని నూలుగుడ్డ ముక్కను వత్తివలె చుట్టి, చెవి రంధ్రములో మెల్లగ నుంచవలెను. అది తడిసినంతనే తీసివేసి క్రొత్త వత్తిని పెట్టవలెను. వత్తి పొడిగ వచ్చువరకు ఇట్లు చేయవలెను. దినమునకు కనీసము 3 మారులు చేయుట అవసరము. వత్తిని చెవిలో మరచి విడువరాదు. దూదిని పుల్లకు చుట్టి లోనికి పొడువరాదు. స్నానమప్పుడు నీరు చెవిలోనికి పోకుండ చూడవలెను. చెవి మానువరకు చెరువులో ఈతకు పంపరాదు.

పోటు ఉన్నపుడు గోరువెచ్చని పొడిగుడ్డను చెవిపై వెలుపల ఆనించినచో కొంత ఉపశమనము కలుగును. వేడిని ముందు పెద్దలు తమ ముంజేతిపై చూచుకొనవలెను. వయస్సునకు, బరువునకు తగిన మోతాదులో పారాసిటమాల్ ఇయ్యవచ్చును. ఇవి బాధను తగ్గించునవే గాని, చీమును మాన్పునవి కావు.

చేయరానివి

వెల్లుల్లి వేసి కాచిన నూనె, ఉల్లిరసము, ఆకుపసరు, చనుబాలు మొదలగు వానిని కారుచున్న చెవిలో పోయరాదు. కర్ణభేరికి చిల్లి యున్నచో ఇవి మధ్యచెవిలోనికి పోయి, క్రొత్త సూక్ష్మజీవులను చేర్చును. కాగిన నూనె చర్మమును కాల్చును. పిన్నీసు, అగ్గిపుల్ల, కోడి ఈక మున్నగువానితో గుబిలి తీయరాదు. సంతలలో చెవులు శుభ్రము చేయువారికి చెవి నప్పగింపరాదు. పెద్దలు మన మేలు కోరియే ఈ మందులు చెప్పియుందురు. కాని వారి కాలమున కర్ణభేరిని వెలుగుతో చూచు పరికరము గ్రామమునకు అందుబాటులో లేదు. నేడు అట్టి పరీక్ష అందుబాటులోనికి వచ్చినది.

వైద్యుని తప్పక చేరవలసిన సమయము

చెవి కారుట మొదలైన ప్రతి బిడ్డను ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపోవలెను. చీము 14 దినములు గాని, అంతకు మించి గాని కారినచో అది దీర్ఘవ్యాధిగ ఎంచబడును. దానికి వేరు చికిత్స కలదు. చెవి వెనుక ఎముకపై నొప్పితో కూడిన వాపు, తీవ్రమైన తలనొప్పి, వాంతులు, మెడ బిగియుట, మగత, మూతి ఒకవైపునకు వంకరపోవుట — వీనిలో ఏ ఒక్కటి కనిపించినను ఆ దినముననే పెద్ద ఆసుపత్రికి చేర్చవలెను. చీము ఎముకకో, మెదడునకో ప్రాకినదనుటకు ఇవి గుర్తులు. ఇట్టి సమయమున ఒక రాత్రి ఆలస్యమైనను ముప్పే.

పంచాయతీ చేయగల పని

1992వ సంవత్సరపు 73వ రాజ్యాంగ సవరణ ద్వారా చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో ఆరోగ్యము, పారిశుద్ధ్యము పంచాయతీలకు అప్పగింపదగిన విషయములుగ పేర్కొనబడినవి. చెవి రక్షణయు ఇందులోనిదే. సభ్యులు చేయదగినవి కొన్ని కలవు.

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్యబృందములు అంగన్‌వాడీలకును, బడులకును వచ్చి పిల్లలను పరీక్షించును. పరీక్షింపవలసిన వ్యాధులలో మధ్యచెవి వ్యాధియు, వినికిడి లోపమును ఉన్నవి. బృందము వచ్చు దినమును ముందుగ చాటించి, చెవి కారు పిల్లలు, పిలిచిన పలుకని పిల్లలు ఆ దినమున తప్పిపోకుండ చూడవలెను. ఉపాధ్యాయునితో మాట్లాడి, మాటిమాటికి “ఏమిటి?” యని అడుగు పిల్లల పేర్లు వ్రాయించి, వారిని ముందు వరుసలో కూర్చుండబెట్టింపవలెను.

టీకాలు చెవికి కూడ రక్షణయే. న్యూమోకోకల్ టీకాను 6 వారములు, 14 వారములు, 9 నెలల వయస్సున ఉచితముగ ఇచ్చుచున్నారు. తట్టు వలన కూడ చెవులు చెడును గనుక, ఆ టీకాను మానరాదు. బిడ్డకు తొలి 6 నెలలు తల్లిపాలే ఇయ్యవలెను. సీసాపాలు త్రాగు బిడ్డను వెల్లకిల పండబెట్టి త్రాగింపరాదు. పొయ్యి పొగ, చుట్ట పొగ పిల్లలున్న గదిలో చేరనీయరాదు. పశువులను కడుగు రేవును, పిల్లలు స్నానము చేయు రేవును వేరుపరచుట పంచాయతీ తీర్మానముతో సాధ్యమగు పని.

చెవి కారు బిడ్డ యున్న ఇంటికి సభ్యుడు ఒక్కసారి పోయి, “నూనె పోయకుడు, వత్తితో తుడువుడు, రేపే ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపొండు” అని చెప్పినచో, ఆ మూడు మాటలు ఆ బిడ్డ చదువును నిలుపవచ్చును. దీనికి ధనము అక్కరలేదు, శ్రద్ధ చాలును. ఆ శ్రద్ధను మన పంచాయతీ సభ్యులు తప్పక చూపుదురని మేము విశ్వసించుచున్నాము.