ఎండల సీమలో చీకటి గది

మా అమ్మ పుట్టిన ఊరు కర్నూలు జిల్లాలో వుండేది. 1981లో ఖాళీ చేయించారు. ఆనక అది శ్రీశైలం జలాశయం అడుగుకు చేరింది. ఇల్లు పోయింది గాని, ఆ ఇంటి అరుగు మీద మా తాత కూర్చుని వున్న గాజు నెగిటివు ఒకటి అమ్మ ట్రంకుపెట్టెలో మిగిలింది. దాన్ని స్కాను చేయించి కంప్యూటరులో చూపించాను. “ఇది చేతికి రాదు గదప్పా!” అన్నది అమ్మ.

తెలుగు పాఠాలు చెప్పుకునే నేను కడపలో మా స్నానాల గదిని చీకటి గదిగా మార్చిన కారణం అదీ.

కాంటాక్టు ప్రింటు పెద్ద విద్యేమీ కాదు. నెగిటివు మందు వైపును కాగితం మందు వైపుకు ఆనించి, పైనుంచి కొన్ని సెకండ్లు వెలుతురు చూపించి, కాగితాన్ని డెవలపరులో వేయటమే. పిండి కొద్దీ రొట్టె. నెగిటివు ఎంతో బొమ్మ అంతే. చిక్కంతా ఏ కాగితం, ఏ మందు అన్న దగ్గర వస్తుంది.

పూర్వం ఇందుకు వేరే కాగితాలుండేవి. బేక్‌లాండ్ అనే రసాయనవేత్త 1893లో వెలోక్స్ కాగితాన్ని అమ్మకానికి తెచ్చాడు. అందులోని మందు వెండి క్లోరైడు. వెలుతురుకు అది బద్ధకంగా లొంగుతుంది గనుక దీపం కాంతిలోనే ముద్రించుకునేవారు. అదే జాతి కాగితం అజోను కోడక్ వారు 2005లో మానివేశారు. మన ఊటీలో 1960లో పెట్టిన హిందుస్తాన్ ఫోటో ఫిలిమ్స్ కూడా ఇప్పుడు లేదు. అందుచేత ఎన్లార్జిమెంటు కాగితమే నాకు దిక్కయింది. అది చురుకైనది. మామూలు బల్బు వేస్తే కన్ను మూసి తెరిచేలోగా నల్లబడుతుంది. ఏడు వాట్ల బల్బును ఎత్తుగా వేలాడదీశాను. దూరం రెట్టింపయితే వెలుతురు నాలుగోవంతు అవుతుంది.

దుకాణదారు “మంచి నలుపు వస్తుంది సార్” అంటే మూడో నంబరు కాగితం కొన్నాను. నలుపు నిజంగానే వచ్చింది, తాత ముఖం మీద! “ఇదేం మా నాయనప్పా, మసిబొమ్మ!” అన్నది అమ్మ.

తప్పు దుకాణదారుది కాదు, ముందుగా నెగిటివు చూడని నాది. మన సీమ ఎండలో తీసిన ఫోటో అది. తెల్ల పంచె ఎండలో వున్నది, ముఖం అరుగు నీడలో వున్నది. నెగిటివులో పంచె గోడలా దట్టం, ముఖం ఉత్త గాజు. ఇలాంటి గట్టి నెగిటివుకు ఒకటో నంబరు వంటి మెత్తని కాగితం కావాలి. పలుచని, జీవం లేని నెగిటివుకే మూడు, నాలుగు నంబర్లు. నెగిటివును పత్రిక మీద పెట్టి, దట్టమైన చోట అక్షరాలు కనబడకపోతే మెత్తని కాగితం వైపు మొగ్గటం మంచిది. ఒకే కాగితాన్ని పసుపు ఫిల్టరుతో మెత్తగా, మెజెంటా ఫిల్టరుతో గట్టిగా ముద్రించుకునే రకం కూడా వున్నది. ఇల్‌ఫర్డ్ వారు 1940లోనే దాన్ని తెచ్చారు. నాబోటివాడికి అదే మేలు.

డెవలపరు సంగతి. అందరికీ తెలిసినది డి-72: లీటరుకు మెటాల్ 3 గ్రాములు, సోడియం సల్ఫైటు 45, హైడ్రోక్వినోన్ 12, అనార్ద్ర సోడియం కార్బొనేటు 67.5, పొటాషియం బ్రోమైడు 1.9. ఒక వంతుకు రెండు వంతుల నీళ్ళు కలిపి వాడుతారు. హైడ్రోక్వినోన్ లేకుండా మెటాల్‌తోనే చేసే మందు ఇంకా మెత్తగా పనిచేస్తుంది. కాని కాగితం తప్పితే మందు కొంతమేరకే సర్దగలదు సుమా!

మందుకు ఇరవై డిగ్రీల వేడి వుండాలని పుస్తకాలు చెబుతాయి. మే నెలలో కడప కుళాయి విప్పి చూడండి! ఆ నీళ్ళలో బొమ్మ ఒక్కసారిగా పైకి లేస్తుంది. భయపడి త్వరగా తీస్తే నలుపు మచ్చలు మచ్చలుగా నిలుస్తుంది. నేను తెల్లవారుజామున నాలుగింటికి లేచి, కూజా నీళ్ళతో మందు కలిపి, ఆ ట్రేను ఐసునీళ్ళున్న పెద్ద ట్రేలో పెట్టాను. ఐసు మందులో పడకూడదు, పలుచనవుతుంది. మన సున్నపురాతి నేల నీళ్ళను కాచి, తేర్చి, వడకట్టకపోతే కాగితం మీద తెల్లని పొర కడుతుంది. మా కడప బండ కూడా సున్నపురాయే అని, స్టాప్ బాత్ ఆసిడు చింది తెల్లమచ్చలు పడ్డాక గాని నాకు జ్ఞాపకం రాలేదు. మా ఆవిడ ఇంకా మరిచిపోలేదు.

ఇక కడగటం. ప్లాస్టిక్ పూత కాగితం కొద్ది నిమిషాల్లో శుభ్రపడుతుంది. అసలు కాగితానికి పారే నీళ్ళలో గంట కావాలి. వారానికి రెండుమార్లు నీళ్ళొచ్చే వీధిలో గంటసేపు కుళాయి విప్పటానికి మనసొప్పుతుందా? అయినా అమ్మ కోసం అసలు కాగితమే ఎంచాను. ముందు సోడియం సల్ఫైటు నీళ్ళలో నానబెట్టి, తరువాత ట్రేలో ఆరుమార్లు నీళ్ళు మార్చాను. రెండు బిందెలతో పని ముగిసింది.

ఆరిన ప్రింటును అమ్మ కిటికీ దగ్గరకు తీసుకుపోయింది. ముఖం తేటగా వున్నది. ఆమె మాత్రం వెనకాల గోడ చూస్తున్నది. “ఇదిగో గూడు! దీపం బుడ్డి ఈడ పెట్టేదాన్ని” అన్నది. కాసేపటికి, “మీ మామకొకటి, చిన్నమ్మలిద్దరికీ చెరొకటి. ఇంకో మూడు తీయి నాయనా” అన్నది.

ప్యాకెట్టులో రెండే కాగితాలున్నాయి.