పబ్‌లో ఆదివారం భోజనం

బర్మింగ్‌హామ్: ‘పబ్’ అన్న మాట వింటే హైదరాబాద్‌లో ఉన్న అమ్మానాన్నలకు గుండె గుభేలుమంటుంది. చీకటి గది, డీజే మోత, అర్ధరాత్రి పోలీసు తనిఖీలు... టీవీ వార్తల్లో వాళ్లు చూసే పబ్ అదే. ఆ బెరుకుతోనే బ్రిటన్‌లో ఏళ్ల తరబడి ఉంటున్నా పబ్ గడప తొక్కని తెలుగు కుటుంబాలు ఉన్నాయి. ఇక్కడి పబ్ అసలు పేరు ‘పబ్లిక్ హౌస్’. ఊరి రచ్చబండ లాంటిది. మందు ముట్టనివారికీ అందులో చోటుంటుంది. ఆ సంగతి తెలియాలంటే ఆదివారం మధ్యాహ్నం ‘సండే రోస్ట్’ వేళకు వెళ్లాలి. తాతలు, మనవలు ఒకే బల్ల దగ్గర కనిపిస్తారు.

ప్లేటులో ఏముంటుంది?

బీఫ్, ల్యాంబ్, పోర్క్, చికెన్‌లలో కోరుకున్నది ఓవెన్‌లో కాల్చి, ముక్కలు కోసి వడ్డిస్తారు. పక్కన కరకరలాడే ఆలుగడ్డలు, క్యారెట్, క్యాబేజీ, యార్క్‌షైర్ పుడ్డింగ్. పుడ్డింగ్ అంటే తీపి అనుకునేరు! మైదా, గుడ్లు, పాలు కలిపిన జారుపిండిని కాగే కొవ్వులో పోసి ఓవెన్‌లో పెడితే గిన్నెలా పొంగుతుంది. పైన పోసే గ్రేవీలో మన మసాలా ఉండదు. మాంసం కాలేటప్పుడు కారిన రసంతో చేస్తారు. మొదటిసారి చప్పగా అనిపిస్తే ఇంగ్లిష్ మస్టర్డ్ అడగండి, ముక్కుకెక్కుతుంది.

బీఫ్ తిననివారు ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఆలుగడ్డలను, పుడ్డింగ్‌ను కొన్నిచోట్ల బీఫ్ కొవ్వులోనే కాలుస్తారు. చికెన్ చెప్పినా ఆ మాట అడగాల్సిందే. శాకాహారులకు గింజలు, పప్పులతో చేసే నట్ రోస్ట్ ఉంటుంది. గ్రేవీ కూడా శాకాహారమేనా అని కనుక్కోండి. అడిగితే ఎవరూ చిన్నబుచ్చుకోరు. అలర్జీ కలిగించే 14 రకాల పదార్థాల వివరాలు చెప్పడం చట్టప్రకారం వాళ్ల బాధ్యత. ఆదివారం రద్దీ ఎక్కువ, ముందే టేబుల్ బుక్ చేసుకోవడం మంచిది.

పొద్దుగూకాక

సిటీ సెంటర్ పబ్బులు సాయంత్రానికి రూపు మార్చుకుంటాయి. పాటలు, క్విజ్‌లు, ఫుట్‌బాల్ మ్యాచ్‌లు, కుర్రకారు సందడి. చాలాచోట్ల ఎనిమిది, తొమ్మిది గంటలకల్లా పిల్లల్ని ఉండనివ్వరు. మద్యం కొనాలంటే 18 నిండాలి. అయితే ఇంగ్లండ్‌లో 16, 17 ఏళ్లవారు పెద్దవాళ్లతో కలిసి భోంచేస్తున్నప్పుడు, పెద్దలు కొనిచ్చిన బీరు, వైన్, సైడర్ తాగొచ్చు. టీనేజీ పిల్లలున్న తల్లిదండ్రులు ఇది తెలుసుకుని ఉండాలి. ఇక కారు తెస్తే గ్లాసు ముట్టకపోవడమే క్షేమం. తాగి నడిపిన కేసు పడితే లైసెన్స్ పోవడంతో ఆగదు, రేపు పౌరసత్వ దరఖాస్తుకూ అడ్డం రావచ్చు.

ఊరికే దొరికిన చోటు కాదు

మా ఐటీ ఆఫీసుల్లో పరిచయాలు ముదిరేది మీటింగుల్లో కాదు, ఆ తర్వాత పబ్‌లో. లైమ్ సోడా పట్టుకుని కూర్చున్నా చాలు, ‘రౌండ్’లో మీ వంతు మీరు కొంటే మీరూ ఆ బృందంలో మనిషే. పిల్లల స్నేహితుల అమ్మానాన్నలు, పక్కింటివాళ్లు కలిసేదీ అక్కడే.

ఒకప్పుడు మనలాంటివారికి ఆ వీలు లేదు. బర్మింగ్‌హామ్ పక్కనున్న స్మెథిక్‌లో 1960లలో కొన్ని పబ్బులు నల్లవారిని, భారతీయులను లాంజ్ గదిలోకి రానిచ్చేవి కావు. 1965 ఫిబ్రవరిలో అమెరికా నల్లజాతి నాయకుడు మాల్కమ్ ఎక్స్ అక్కడికి వస్తే, ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్ నాయకుడు అవతార్ సింగ్ జౌహల్ ఆయన్ను బ్లూ గేట్స్ అనే పబ్‌కు తీసుకెళ్లారు. లాంజ్‌లో ఆయనకూ ‘లేదు’ అనే జవాబే వచ్చింది. బహిరంగ స్థలాల్లో జాతి వివక్షను నిషేధించే చట్టం అదే ఏడాది వచ్చింది. తర్వాతి కాలంలో ఆ చుట్టుపక్కల పబ్బులను పంజాబీలే కొని నడపసాగారు. తందూరీ మిక్స్‌డ్ గ్రిల్ వడ్డించే ఆ ‘దేశీ పబ్బులు’ నేడు అందరికీ ఇష్టమైన చోట్లు.

తాగడం, తాగకపోవడం ఎవరిష్టం వారిది. మనకంటే ముందు వచ్చినవారు కొట్లాడి తెరిపించిన తలుపు మాత్రం మన బెరుకుతో మనమే మూసుకోనక్కర్లేదు. వచ్చే ఆదివారం నలుగురికి టేబుల్ బుక్ చేయండి. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే, ఆరుగురికి.