క్రెడిట్ కార్డు ఋణము: వాడు విధము, తీర్చు విధము

గ్రామములలో అప్పు క్రొత్త విషయము కాదు. విత్తనములకు, ఎరువులకు, పెండ్లికి, వైద్యమునకు మన రైతులు అప్పు చేయుచునే యున్నారు. వడ్డీ ఎంత, గడువు ఎప్పుడు, హామీ ఎవరు అను మాటలు ఇచ్చువానికిని, పుచ్చుకొనువానికిని ముందే తెలిసియుండును. ఇటీవల గ్రామములకును వచ్చిన క్రెడిట్ కార్డు విషయములో ఈ మాటలు పలువురకు తెలియుట లేదు. వ్రాయుటకు ప్రోనోటు లేదు, సాక్షులు లేరు, అప్పిచ్చువాడు కంటికి కనిపించడు. కావున అది అప్పని తోచదు. ఆపద వచ్చినప్పుడు సలహాకై జనులు ముందుగా వచ్చునది పంచాయతీ సభ్యుల యొద్దకే గనుక, ఈ కార్డు పనిచేయు విధమును ఇచ్చట వివరించుచున్నాము.

రెండు కార్డులు, రెండు వడ్డీలు

మొదట ఒక భ్రమను తొలగింపవలసియున్నది. కిసాన్ క్రెడిట్ కార్డు వేరు, దుకాణములలో వస్తువులు కొనుటకు బ్యాంకులిచ్చు క్రెడిట్ కార్డు వేరు. పేరు ఒకటిగా నున్నను వడ్డీ ఒకటి కాదు.

కిసాన్ కార్డు పథకము 1998 లో ఆరంభమైనది. అది పంట పెట్టుబడికై ఏర్పడినది. కేంద్ర ప్రభుత్వ వడ్డీ రాయితీ క్రింద 2025-26 లో 3 లక్షల రూపాయల వరకు పంట ఋణముపై సాలుకు నూటికి 7 రూపాయల వడ్డీ. గడువులోగా తీర్చినవారికి అందులో 3 రూపాయలు తగ్గును. అనగా సాలుకు నూటికి 4 రూపాయలు, నెలకు 33 పైసలు మాత్రమే. గడువు దాటినచో ఆ 3 రూపాయల రాయితీ పోవును.

రెండవ కార్డు మన ప్రాంతమునకు పూర్తిగా క్రొత్తది కాదు. 1923 లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్నమున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు, దేశములో ఈ కార్డును తొలుత ప్రవేశపెట్టిన బ్యాంకులలో నొకటి. 1981 లోనే ప్రవేశపెట్టినది. (ఆ బ్యాంకు 2020 లో యూనియన్ బ్యాంకులో విలీనమైనది.) అప్పుడు పట్టణ ఉద్యోగులకు పరిమితమైన ఈ కార్డు నేడు గ్రామములలోని యువకుల చేతులలోను కనిపించుచున్నది.

వడ్డీ లేని గడువు

ఈ కార్డుతో వస్తువు కొనినచో బ్యాంకు దుకాణదారునకు సొమ్ము చెల్లించును. నెలకొకసారి మనకు బిల్లు పంపును. బిల్లులోని మొత్తమును గడువు తేదీలోగా పూర్తిగా కట్టినవానికి వడ్డీ ఏమియు లేదు. కొనిన దినమును బట్టి ఈ ఉచిత గడువు సుమారు 20 దినముల నుండి 50 దినముల వరకు ఉండును. ఇట్లు వాడుకొనువానికి కార్డు మేలైన సాధనమే.

అయితే ఈ మేలు మొత్తము బాకీ కట్టినవానికే. కొంత మిగిల్చినచో వడ్డీ కొన్న నాటినుండి లెక్కకు వచ్చును; ఆపై క్రొత్తగా కొన్నవానికిని ఉచిత గడువు ఉండదు. కార్డుతో ఏ.టి.ఎం. నుండి నగదు తీసినచో మొదటి దినము నుండియే వడ్డీ, దానికితోడు రుసుము. కార్డుతో నగదు తీయుట అన్నిటికంటె చెడ్డ అలవాటు.

కనీస మొత్తము అను మాట

బిల్లుపై రెండు అంకెలు ఉండును: మొత్తము బాకీ, కనీసము కట్టవలసిన మొత్తము. ఈ రెండవ అంకె చూచి, “ఇంత కట్టిన చాలును” అని పలువురు తలంచుచున్నారు. చిక్కంతయు ఇచ్చటనే యున్నది. కనీస మొత్తము కట్టినచో ఆలస్య రుసుము తప్పును, అప్పు తీరదు.

లెక్క వేసి చూతము. అనేక కార్డులపై వడ్డీ నెలకు నూటికి సుమారు 3½ రూపాయలు. మన ఊరి భాషలో ఇది మూడున్నర రూపాయల వడ్డీ. రెండు రూపాయల వడ్డీకి అప్పిచ్చువానిని కఠినుడందుము. కార్డు వడ్డీ అంతకంటె ఎక్కువ. పైగా వడ్డీపై వడ్డీ పడును. వడ్డీపై నూటికి 18 చొప్పున జి.ఎస్.టి. కలియును.

ఒక రైతు కార్డుపై 20,000 రూపాయలు బాకీ యున్నాడనుకొందము. మొదటి నెల వడ్డీ 700, పన్ను 126, వెరసి 826 రూపాయలు. అతడు 1,000 రూపాయలు కట్టినను అసలులో తగ్గునది 174 రూపాయలే. క్రొత్తగా ఏమియు కొనక, ప్రతినెల 1,000 చొప్పున సంవత్సరము కట్టినను, 12,000 చెల్లించిన పిదప బాకీ ఇంకను సుమారు 17,400 ఉండును. అప్పు పూర్తిగా తీరుటకు 44 నెలలు పట్టును. కట్టిన మొత్తము సుమారు 43,200 అగును.

అదే రైతు నెలకు 2,000 చొప్పున కట్టినచో 14 నెలలలో అప్పు తీరును. కట్టునది సుమారు 26,300. నెలకు వేయి రూపాయలు అదనముగా కట్టినందున దాదాపు 17,000 రూపాయలు మిగులును. ఈ లెక్కను గ్రామసభలో నల్లబల్లపై వ్రాసి చూపిన చాలును. వేరు ఉపన్యాసము అక్కరలేదు.

తీర్చు విధము

1. బాకీ తీరువరకు కార్డుతో కొనుట పూర్తిగా మానవలెను.

2. ఉన్న అప్పులన్నిటిని వడ్డీతో సహా ఒక కాగితముపై వ్రాయవలెను. అన్నిటికి కనీస మొత్తము కట్టుచు, మిగిలిన సొమ్మును ఎక్కువ వడ్డీగల అప్పునకు కట్టవలెను. అది తీరిన పిదప తరువాతి దానికి.

3. పంట సొమ్ము చేతికి వచ్చిన వెంటనే కార్డు బాకీ తీర్పవలెను. రైతు రాబడి నెలనెల వచ్చునది కాదు. బిల్లు నెలనెల వచ్చును.

4. బాకీని తక్కువ వడ్డీగల వాయిదాలుగా మార్చుమని బ్యాంకును వ్రాతమూలకముగా కోరవచ్చును. వడ్డీ, రుసుము రెండును విచారించిన పిదపనే ఒప్పుకొనవలెను.

5. బంగారము కుదువపెట్టి తక్కువ వడ్డీకి తెచ్చి కార్డు బాకీ తీర్చుట కొన్నిచోట్ల లాభకరమే. కాని తీర్చిన కార్డును మరల వాడినచో రెండు అప్పులు మిగులును. మహిళా సంఘపు అప్పునకు సభ్యులందరును బాధ్యులు గనుక, ఉద్దేశ్యము చెప్పక దానిని తీసికొనరాదు.

ఇంటిలోని వారికి తెలియకుండ దాచిన అప్పే ఎక్కువగా పెరుగును. భార్యాభర్తలు కలసి లెక్క చూచుకొనుట మొదటి మందు.

నియమములు, హక్కులు

రిజర్వు బ్యాంకు ఆదేశముల ప్రకారము, కోరనివానికి కార్డు పంపరాదు. అట్లు పంపి రుసుము వేసినచో ఆ రుసుమును రద్దుచేయుటయే గాక, దానికి రెట్టింపు జరిమానా చెల్లించవలెను. బాకీలన్నియు తీర్చి కార్డు మూసివేయుమని కోరినచో 7 పనిదినములలో మూయవలెను. వసూలుకు వచ్చు ప్రతినిధులు ఉదయము 8 గంటలకు ముందు, సాయంత్రము 7 గంటల తరువాత ఫోను చేయరాదు. బెదిరింపరాదు, పదిమందిలో అవమానింపరాదు. అప్పు తీర్పలేకపోవుట మాత్రమే నేరము కాదు. ఫిర్యాదును మొదట బ్యాంకునకు వ్రాయవలెను. 30 దినములలో జవాబు రానిచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు తెలుపవచ్చును. సమాచారమునకు 14448 నంబరు గలదు.

అయితే హక్కులున్నవని బాకీని విడిచిపెట్టరాదు. 2005 నాటి చట్టము క్రింద పనిచేయు ఋణ సమాచార సంస్థలు ప్రతివాని చెల్లింపులను నమోదు చేయుచున్నవి. సిబిల్ సంస్థ 300 నుండి 900 వరకు అంకె ఇచ్చును. కార్డు బాకీవలన ఆ అంకె పడిపోయినచో రేపు ట్రాక్టరునకు, ఇంటికి, బిడ్డల చదువునకు అప్పు దొరకుట కష్టమగును. ప్రతి సంస్థనుండి సంవత్సరమునకొకసారి ఈ నివేదికను ఉచితముగా పొందవచ్చును.

సభ్యుల కర్తవ్యము

పూర్వము పరపతి అనగా ఊరిలో మనిషికిగల నమ్మకము. సహకార పరపతి సంఘములకు ఆ పేరు ఊరకే రాలేదు. కార్డు వచ్చినను ఆ అర్థము మారలేదు. నమ్మకమును వ్రాయు పుస్తకము మాత్రము మారినది.

గ్రామసభ జరుగునపుడు సమీప బ్యాంకు అధికారిని పిలిపించి, వడ్డీ ఎంత, గడువు ఏమి అను విషయములను తెలుగులో చెప్పించవలెను. చదువురానివారికి బిల్లు చదివిపెట్టు బాధ్యతను చదువుకొన్న యువకులకు అప్పగింపవలెను. రహస్య సంఖ్యలను, ఓటీపీని ఎవరికిని చెప్పరాదని హెచ్చరింపవలెను. చేతిలో సొమ్ము లేనిచో కొనరాని వస్తువును కార్డున్నదని కొనరాదు. కొన్నచో బిల్లు మొత్తము కట్టవలెను. ఈ రెండు మాటలను ప్రతి ఇంటికి చేర్చినచో ఎన్నియో కుటుంబముల భూమి, బంగారము, మనశ్శాంతి నిలుచునని మా విశ్వాసము.