నడిపించేదా... తొక్కించేదా?

ట్రెడ్‌మిల్, సైకిల్, ఎలిప్టికల్, రోయింగ్ మెషిన్... కొవ్వు కరిగిస్తామంటూ మన ఇళ్లలో చోటు కోసం పోటీపడుతున్న యంత్రాలివి. ఇంతకీ వీటిలో ఏది ఎవరికి నప్పుతుంది?

కొన్నరోజు పసుపూ కుంకుమా పెడతారు. నెలరోజులు ఇంటిల్లిపాదీ వంతులేసుకుని ఎక్కుతారు. ఆర్నెల్లు తిరిగేసరికి దానిమీద తడి తువ్వాళ్లు ఆరుతుంటాయి. చాలా ఇళ్లలో ట్రెడ్‌మిల్ కథ ఇదే! వేలకువేలు పోసి దండెం కొనుక్కోవడం ఎందుకు? డబ్బు కట్టేముందే కాస్త లెక్కలు చూసుకుంటే పోలా!

అన్నట్టు, ట్రెడ్‌మిల్ పుట్టింది ఆరోగ్యం కోసం కాదు, శిక్ష కోసం. 1818లో విలియం క్యూబిట్ అనే ఇంగ్లండ్ ఇంజినీరు ఖైదీల కోసం మెట్లున్న పెద్ద చక్రాన్ని రూపొందించాడు. గంటల తరబడి ఎక్కుతూనే ఉండాలి, చేరే చోటు మాత్రం ఉండదు. 1895లో జైలుకెళ్లిన రచయిత ఆస్కార్ వైల్డ్ కూడా దాన్ని తొక్కినవాడే. తర్వాత చాన్నాళ్లకు, 1968లో వచ్చిన డాక్టర్ కెనెత్ కూపర్ పుస్తకం 'ఏరోబిక్స్' చదివి, విలియం స్టాబ్ అనే అమెరికా ఇంజినీరు ఇంట్లో వాడుకునే ట్రెడ్‌మిల్‌ని తయారుచేశాడు. ఒకప్పటి శిక్షకి ఇప్పుడు మనం వాయిదాలు కడుతున్నామన్నమాట!

కేలరీల పోటీలో మాత్రం దానిదే పైచేయి. ఆరు రకాల యంత్రాల్ని పోల్చిచూసిన ఓ అధ్యయనం 1996లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చింది. 'కాస్త కష్టంగానే ఉంది' అనిపించే స్థాయిలో ఏ యంత్రం మీద ఎంత శక్తి ఖర్చవుతుందో కొలిస్తే ట్రెడ్‌మిల్ మొదటిస్థానంలో నిలిచింది. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. సైకిల్ మీద మన బరువు సీటు మోస్తుంది. ట్రెడ్‌మిల్ మీద మనమే మోసుకోవాలి. అందుకే ముందున్న కడ్డీని గట్టిగా పట్టుకుని వేలాడుతూ నడిస్తే ఆ లాభం కాస్తా పోతుంది. తెరమీద కేలరీల అంకె మాత్రం తగ్గదు! మీ బరువెంతో అడగని యంత్రం చెప్పే అంకెని అసలు నమ్మనక్కర్లేదు.

సరే, అసలు లెక్కకొద్దాం. 65 కిలోలున్న మనిషి గంటకు ఐదున్నర కిలోమీటర్ల వేగంతో అరగంట నడిస్తే సుమారు 130 కేలరీలు ఖర్చవుతాయి. అందులో ఊరికే కూర్చున్నా ఖర్చయ్యేవి ఓ ముప్ఫై. మిగిలింది వంద. ఒంట్లో కిలో కొవ్వంటే దాదాపు 7,700 కేలరీలు. అంటే రోజూ నడిచినా కిలో కరగడానికి రెండున్నర నెలలు! మధ్యలో 'నడుస్తున్నాంగా' అని రోజుకో గులాబ్‌జామ్ లాగిస్తే ఆ వందా హుళక్కే. కంచం మారకుండా ఏ యంత్రం కొన్నా బరువులో పెద్దగా తేడా రాదు. ఇక పొట్ట దగ్గర మాత్రమే కరిగిస్తామనే బెల్టులూ, ఒళ్లు ఊపే యంత్రాలూ... వాటి జోలికి వెళ్లకపోవడమే మేలు.

మరి ఇంత శ్రమ ఎందుకూ అంటే... మనవాళ్లకి చేటు చేసేది పొట్ట లోపల పేగుల చుట్టూ పేరుకునే కొవ్వు. మధుమేహానికీ, గుండెజబ్బుకీ దారి వేసేది అదే. మనదేశంలో మగవారికి నడుము చుట్టుకొలత 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే ప్రమాదమన్నట్టే. క్రమం తప్పని వ్యాయామంతో కిలోలు పెద్దగా తగ్గకపోయినా ఆ లోపలి కొవ్వు తగ్గుతుంది. కాబట్టి బరువు చూసి నిరాశపడేవారు దర్జీ టేపు దగ్గరుంచుకోవడం మంచిది.

మోకాళ్ల నొప్పులున్న అమ్మకో, అత్తయ్యకో అయితే కేలరీల పోటీ సంగతి మర్చిపోండి. వెనక ఆనుకుని కూర్చుని తొక్కే సైకిలే నయం. కరెంటు అక్కర్లేదు, చప్పుడు తక్కువ, టీవీ సీరియల్ చూస్తూ తొక్కేయొచ్చు. అరగంట అయిందన్న సంగతే తెలియదు. 1995లో అమెరికాలో మార్కెట్లోకి వచ్చిన ఎలిప్టికల్ మధ్యేమార్గం. పాదాలు పెడల్ మీంచి లేవవు కాబట్టి కీళ్లమీద దెబ్బ పడదు, చేతులూ కదులుతాయి. కాకపోతే చవకరకాలు ఊగుతాయి. కొనేముందు దుకాణంలోనే పది నిమిషాలు తొక్కిచూడాలి. రోయింగ్ మెషిన్ ఒళ్లంతటికీ పని చెబుతుంది గానీ నేర్పించేవాళ్లు లేకుండా లాగితే నడుము పట్టేస్తుంది.

ట్రెడ్‌మిలే కావాలనుకుంటే మోటారు ఎన్ని హార్స్‌పవరో కాదు, ఆ శక్తి నిరంతరం ఇచ్చేదా, ఒక్కక్షణం ఇచ్చేదా అని అడగండి. పెట్టెమీద పెద్దక్షరాల్లో ఉండేది సాధారణంగా రెండోదే. ఇంట్లో అందరికన్నా బరువైన మనిషిని అది మోయగలదో లేదో చూసుకోండి. అపార్ట్‌మెంటైతే కింద మందపాటి రబ్బరు చాప తప్పనిసరి... కింది వాటావారితో సంబంధాలు చెడకుండా!

పిల్లలున్న ఇల్లయితే మరో మాట. 2021లో పెలోటాన్ అనే అమెరికా సంస్థ తన ట్రెడ్‌మిల్ రకం ఒకదాన్ని జనం దగ్గర్నుంచి వెనక్కి తీసుకుంది. అది వెనకనుంచి లాగేయడంతో ఓ చిన్నారి ప్రాణం పోయాక! నడక పూర్తికాగానే ప్లగ్గు తీసేసి, చొక్కాకి తగిలించుకునే ఆ ఎర్రటి తాళంచెవిని బీరువాలో పెట్టేయండి.