గాయకుల చరిత్రలు – మన యిండ్లలోని ఆధారములు

తెలుగు వికీపీడియా యను అంతర్జాల విజ్ఞానసర్వస్వము 2003 డిసెంబరు మాసమున వెన్న నాగార్జునగారి పూనికచే ఆరంభమయినది. నేడు దాని వ్యాసముల సంఖ్య లక్షను దాటినది. కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు తమ కడపటి సంవత్సరములను ఆంధ్ర విజ్ఞానసర్వస్వమునకు ధారవోసియు, 1923లో కీర్తిశేషులగునాటికి అకారాది సంపుటములు మూడింటిని మాత్రమే వెలువరింపగలిగిరి. ఒక్కరివలన ముగియని పనిని నేడు పలువురు కలిసి చేయుచున్నారు. వీరికి జీతము లేదు, బిరుదు లేదు; పగలెల్ల తమ తమ ఉద్యోగములు చేసికొని, రాత్రి తీఱిక వేళ కూర్చుండి తప్పులు దిద్దుచుందురు. అయినను మన గాయకులను, వాద్యకారులను గూర్చిన వ్యాసములు పెక్కు విశేషణములతో నిండి విషయమున తేలికగా నున్నవని మా యభిప్రాయము. ఈ లోటు తీర్చుటకు కావలసిన సామగ్రి ఆర్మూరు వంటి పట్టణములందును, చుట్టుప్రక్కల పల్లెలందును గల యిండ్లలోనే యున్నదని చెప్పుటకే మేమిది వ్రాయుచున్నాము.

లోటెట్టిదో ఆర్మూరు రైతునకు వేఱుగ బోధింప నక్కఱలేదు. పసుపు కొనవచ్చిన వర్తకుడు పైమెఱుగును జూచి ధర కట్టడు. కొమ్మును విఱిచి లోని రంగును జూచును. గానగంధర్వుడు, నాదబ్రహ్మ యను మాటలు పైమెఱుగు. ఎప్పుడు పుట్టెను, ఎవరియొద్ద నేర్చెను, ఎచ్చట పాడెను, ఎవరికి నేర్పెను, ఇదంతయు ఎవరు ఎప్పుడు అచ్చువేసిరి – విఱిచి చూచినపుడు లోపల నుండవలసినవి ఇవి.

ఫిడేలు విద్వాంసులు ద్వారం వేంకటస్వామినాయుడుగారి చరిత్రను తీసికొందము. ఆయన బెంగుళూరున దీపావళినాడు జన్మించిరని ప్రసిద్ధి. పుస్తకములలో తేదీ 1893 నవంబరు 8 అని యున్నది. ఈ రెండును పొసగునా? ఆ యేట అక్టోబరు 9న సూర్యగ్రహణము కలిగినది. అమావాస్యనాడు గాక సూర్యగ్రహణము రాదు గదా! అచ్చటినుండి ఇరువదితొమ్మిదిన్నర దినములు లెక్కింప, తరువాతి అమావాస్య నవంబరు 8న వచ్చును. అది విజయనామ సంవత్సర ఆశ్వయుజ అమావాస్య, దీపావళియే. ఈ గణనము దిద్దువాని మనస్తృప్తికి మాత్రమే, వ్యాసమునకు అచ్చుపుస్తకమే ఆధారము. నాయుడుగారు 1936లో విజయనగర సంగీత కళాశాలకు ప్రిన్సిపాలగుట, 1941లో మద్రాసు సంగీత విద్వత్సభవారి సంగీతకళానిధి బిరుదము నందుట మున్నగువానికి అట్టి ఆధారములు దొరకును.

తెలంగాణపు కళాకారులకు ఈ సౌకర్యము తక్కువ. పండ్రెండు మెట్ల కిన్నెరపై పండుగ సాయన్న కథను పాడు దర్శనం మొగులయ్యగారి పేరు, 2021లో ఒక చలనచిత్రగీతము, 2022లో పద్మశ్రీ వచ్చిన పిమ్మటగాని లోకమున వ్యాపింపలేదు. అంతకు పూర్వము తరతరములుగ ఊరూర తిరిగి పాడిన కిన్నెరవారి పేర్లను ఏ పుస్తకమున వెదకుదము? ఒగ్గుకథకులు, చిఱుతల రామాయణము నేర్పిన గురువులు, దేవళముల ముందు సన్నాయి నూదినవారు, భజన మండలుల హార్మోనియము వాద్యకారులు – వీరిని వినినవారు బ్రతికియున్నారు, వ్రాసినవారు అరుదు. వికీపీడియా నియమమో కఠినమైనది. ‘మా తాతగారు చెప్పిరి’ అనిన చాలదు; ప్రకటితమైన మూలమును జూపవలెను. వ్రాతలేని కళలకు దీనివలన అన్యాయము జరుగుచున్నదని కొందఱందురు. అందు సత్యము లేకపోలేదు. కాని నియమమును సడలించినచో ప్రతివాడును తన మేనమామను తాన్సేనుగ జేయును.

కావున లేని గ్రంథమును మనమే అచ్చువేయవలెను. ఇది క్రొత్త పని కాదు. తెలంగాణమున కవులు లేరను మాటను విని సురవరం ప్రతాపరెడ్డిగారు వట్టి కోపముతో నూరకుండలేదు; గోలకొండ పత్రికద్వారా వివరములను కోరి, ఊళ్లనుండి వచ్చినవానిని కూర్చి, 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను 1934లో ప్రకటించిరి. నేడు ఆ కవులను గూర్చి వ్రాయువారికి అది మూలగ్రంథము. నిజామాబాదు జిల్లా గాయకులకు అట్టి సంచిక యొకటి కావలెను.

దానికి సామగ్రి మీ యిండ్ల జమాఖర్చు పుస్తకములలో నుండవచ్చును. ఏ పెండ్లికి ఏ మేళము వచ్చెను, ఎంత సంభావన యిచ్చిరి యనునది పెద్దలు వ్రాసి యుందురు. జాతర కరపత్రములు, భజన సమాజముల ఛాయాచిత్రములు సరేసరి. పాతకాగితములలో ఫసలీ సంవత్సరముండును; దానికి 590 కలిపినచో, జనవరి తరువాతి మాసములయినచో 591 కలిపినచో, క్రీస్తుశకము వచ్చును. పట్టా కాగితములు చదివినవారికి ఇది తెలిసినదే. కాని విజయ యని సంవత్సరపు పేరు మాత్రమున్నచో జాగ్రత్త వలయును: అది 1893లోను, 1953లోను, 2013లోను వచ్చినది. ప్రక్కనున్న యితర గుర్తులతో తేల్చుకొనవలెను. ఒక గ్రంథాలయమో, కళాశాలయో ఈ వివరములను సరిచూచి, ఏది యెవరి యింటి కాగితమునుండి వచ్చినదో క్రింద వ్రాసి, నూఱు పుటల పుస్తకముగ ప్రకటించినచో చాలును. దాని వ్యయము నేటి పెండ్లి ఊరేగింపున డీజేకు పోయుదానిని మించదని మా యంచనా.

కళాకారుల బంధువులకు ఒక మనవి. మీవారి వ్యాసమును మీరే దిద్దబోకుడు; ఆధారములను చర్చాపుటలో నుంచి, దిద్దుటను పరులకు విడుచుడు. ఛాయాచిత్రమిచ్చునపుడు దానిని తీసినవారి అనుమతి గొనుడు. గ్రామఫోను పలకలు గలవారు వానిపై చీటీలను చదివి, కంపెనీ పేరు, పలక సంఖ్య, రాగము, పాడినవారును ప్రక్కవాద్యములవారును ఎవరో వ్రాసి యుంచుడు. పలక పగిలినను చీటీని పాఱవేయకుడు.